కడగక ముందు చూడండి

మనలో చాలామంది కారు బానెట్ ఎత్తేది అద్దాలు కడిగే నీళ్ళు పొయ్యటానికే. అంతకు మించి ఏదైనా వస్తే డీలరు దగ్గరికి తోలుకెళ్ళి, తాళాలిచ్చి, షటిల్ ఎక్కి ఆఫీసుకి వెళ్ళిపోతాం. సాయంత్రం ఫోనొస్తుంది, క్రెడిట్ కార్డు నంబరు చెబుతాం. ఇందులో తప్పేమీ లేదు. ఎవరికొచ్చిన పని వాళ్ళు చేసుకోవాలి. అయితే ఒక్క సందర్భంలో మాత్రం మీరు వెళ్ళి దగ్గర నిలబడాలని నా వాదన. "ఇంజను పోయిందండీ, మార్చాల్సిందే" అని ఎవరైనా అంటే, ఆ మాట హెడ్డు విప్పి చూసి అంటున్నారా, విప్పకుండానే అంటున్నారా అని అడగండి. విప్పితే గనక, దాన్ని కడగక ముందు మీ కళ్ళతో ఒకసారి చూడండి. ఇది నేను పుస్తకాల్లో చదివింది కాదు. మా అమ్మాయిని అన్యాయంగా తిట్టి నేర్చుకున్నది.

2019 జులైలో సంగతి. అమ్మాయి డేవిస్‌లో చదువుకుంటోంది. దాని దగ్గరున్నది నేను 2011లో కొని, వాడి, కాలేజీకి వెళ్ళేటప్పుడు ఇచ్చేసిన పాత జపాన్ కారు. 2000 మోడలు, 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను. శుక్రవారం సాయంత్రం 680 మీద ఫ్రీమాంట్‌కి వస్తోంది. సునోల్ దాటాక ఆ రోడ్డు ఎలా ఎత్తెక్కుతుందో బే ఏరియాలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మండే ఎండ, ఏసీ నడుస్తోంది, ముందర ట్రాఫిక్. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా వెళ్ళింది. ఎక్కడ ఆపాలా అని చూసుకునే లోపల తనంతట తనే దిగిపోయింది. రోజూ ఉండే చోటు కంటే కిందికి. హమ్మయ్య, తగ్గిందనుకుని ఇంటికొచ్చేసింది.

వాకిట్లోకి వచ్చేటప్పటికి బానెట్ కింద నుంచి ఆవిరి. ఇంజను నత్తి కొడుతోంది. నేను చెయ్యాల్సినవన్నీ వదిలేసి నోరు చేసుకున్నాను. "ముల్లు ఎర్రగీత దాటాక కూడా ఎవరైనా నడుపుతారా?" అన్నాను. "దిగిపోయింది నాన్నా, నేను చూశాను" అంది. "అలా దిగదు. అబద్ధాలు చెప్పకు" అన్నాను. పిల్ల అన్నం తినకుండా మేడ మీదికెళ్ళి పడుకుంది. మా ఆవిడ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

సోమవారం కారుని టో చేయించి షాపులో పెట్టాను. వాళ్ళు కంప్రెషన్ చూశారు. ఒకటో సిలిండరూ నాలుగో సిలిండరూ బాగానే ఉన్నాయి. రెండులోనూ మూడులోనూ ఒత్తిడి దాదాపు లేదు. "వేడెక్కాక నడిపారు, ఇంజను పోయింది. పాత ఇంజను తెచ్చి వెయ్యాలంటే 4,800 డాలర్లు. ఈ కారుకి అంత పెట్టటం దండగ" అన్నారు. హెడ్డు విప్పలేదు. ఆ వారం పాట్‌లక్‌లో మిత్రులదీ అదే మాట. "ఏదో ఛారిటీకి దానం చేసి వేరేది కొనవయ్యా." లెక్క ప్రకారం వాళ్ళు చెప్పింది సరైనదే. ఒప్పుకుంటాను.

నాకు గుచ్చుకున్నది ఆ రెండూ మూడూ. మొత్తం ఇంజను మాడిపోతే పక్కపక్కనున్న రెండు సిలిండర్లే అంత పొందికగా పోతాయా? ఆ రెంటికీ మధ్య ఉండేది సన్నటి గ్యాస్కెట్ గోడ ఒక్కటే. అది తెగితే ఒకదాని గాలి ఒకదాంట్లోకి పోతుంది, రెండూ బోసిపోతాయి. సరిగ్గా ఈ లెక్కే మా బాబాయి నోట చిన్నప్పుడు విన్నాను.

బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డుండేది. లారీ ఇంజన్ల హెడ్లు బాగుచెయ్యటం ఆయన పని. వేసవి సెలవల్లో నన్ను అక్కడ దింపేవాళ్ళు. ఇంజను బోరుకొచ్చిందనో, హెడ్డు లేచిందనో లారీలు వచ్చేవి. విప్పిన హెడ్డుని బల్ల మీద పెట్టగానే కుర్రాళ్ళు కిరసనాయిలూ బ్రష్షూ పట్టుకుని సిద్ధంగా ఉండేవాళ్ళు. బాబాయి చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఒరే, కడక్కండిరా. ముందు చూడనివ్వండి." బీడీ పక్కన పెట్టి, హెడ్డుని వెలుతురు వైపు తిప్పి, పావుగంట దాన్నే చూస్తూ కూర్చునేవాడు. మసి చూసి ఏ సిలిండర్లోకి నీళ్ళొస్తున్నాయో, దేంట్లోకి నూనె దిగుతోందో చెప్పేవాడు. లారీ ఓనరు డ్రైవర్ని తిడుతూ ఉంటే, "ఆయన్నేం అనకండి. ఇది ఈ ట్రిప్పులో పోయింది కాదు" అనటం కనీసం రెండుసార్లు విన్నాను. అప్పుడు నాకది గారడీలా ఉండేది.

కారుని ఇంటికి తెప్పించుకున్నాను.

హెడ్డు ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సిలిండర్లుండే దిమ్మని బ్లాకు అంటారు. దాని మీద బోర్లించిన మూత హెడ్డు. గాలి, పెట్రోలు లోపలికి రావటానికీ పొగ బయటికి పోవటానికీ వాల్వులు అందులోనే ఉంటాయి. పేలుడు వేడిని మోసుకుపోయే కూలెంటు కూడా దాంట్లో తొలిచిన దారుల్లోంచే తిరుగుతుంది. రెంటికీ మధ్య గ్యాస్కెట్. నిప్పుకీ, నీళ్ళకీ, నూనెకీ మధ్య సరిహద్దు అదే. పైగా మా కారు లాంటి ఇంజన్లలో బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. అదే వేడికి అల్యూమినియం ఇనుముకి రెట్టింపు సాగుతుంది. అర మీటరు పొడుగున్న హెడ్డు 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి వెళ్తే దాదాపు 0.9 మిల్లీమీటర్లు పెరగాలి. కిందనున్న ఇనుము పెరిగేది 0.45. ఈ తేడాని రోజూ రెండుసార్లు గ్యాస్కెట్ ఓర్చుకుంటుంది. కూలెంటు లేక వేడి హద్దు దాటితే, బోల్టులతో కట్టేసిన హెడ్డు పక్కకి పెరగలేక మధ్యలో లేస్తుంది. ఆటోనగర్‌లో "హెడ్డు లేచింది" అనేది దీన్నే.

విప్పటం గురించి ఎక్కువ చెప్పను. రెండు వారాంతాలు పట్టింది. ఇంజను పూర్తిగా చల్లారాక, బోల్టుల్ని చివర్ల నుంచి మధ్యకి, ఒక్కోదాన్నీ కొంచెం కొంచెంగా వదులు చెయ్యాలి. వేడి మీద ఊడదీసినా, ఒక పక్కనుంచి వరసగా ఊడదీసినా, లేవని హెడ్డుని మనమే లేపినవాళ్ళమవుతాం. ఒక అట్టముక్క మీద హెడ్డు బొమ్మ గీసి ఏ బోల్టుని ఆ చిల్లులో గుచ్చి పెట్టుకున్నాను. బయటికొచ్చాక, తెరుచుకుని ఉన్న వాల్వులు బల్లకి తగిలి వంగకుండా రెండు చెక్క దిమ్మల మీద పెట్టాను. గ్యాస్కెట్‌ని చింపకుండా, ఏ వైపు ఎటుందో గుర్తు రాసి పక్కన పరిచాను. అప్పుడు గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తి, కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాను.

ఒకటో గదిలోనూ నాలుగో గదిలోనూ మసి ఎండి, ముదురు గోధుమ రంగులో సమానంగా పరుచుకుని ఉంది. మూడో దాంట్లోనూ ఇంచుమించు అంతే. రెండో గది మాత్రం తోమిపెట్టిన గిన్నెలా ఉంది! మసి లేదు. వాల్వుల మొహాలు తెల్లగా ఉన్నాయి. చూడటానికి అన్నిటికన్నా ఆరోగ్యంగా కనిపించేది అదే. అసలు రోగం దానికే. సిలిండర్లోకి కొంచెం కొంచెంగా కూలెంటు దిగుతుంటే అది ఆవిరై, మసినంతా ఊడగొడుతుంది. అంత మసి పోవాలంటే ఒక్క సాయంత్రం చాలదు. నెలలు కావాలి.

తరవాత గ్యాస్కెట్ చూశాను. రెండో రంధ్రానికీ మూడో రంధ్రానికీ మధ్య నల్లగా, తాజాగా ఒక చార ఉంది. నిప్పు దూసుకుపోయిన దారి. అంచులు పదునుగా ఉన్నాయి, తుప్పు లేదు. అది ఆ శుక్రవారం నాటిదే అయ్యుండాలి. కానీ రెండో రంధ్రానికి ఇంకో పక్కన, నీళ్ళ దారి నుంచి లోపలికి తుప్పురంగు మరక ఒకటి పాకి ఉంది. దాని పక్కన తెల్లటి గార కట్టింది. హెడ్డు మీద సరిగ్గా ఆ చోట నీళ్ళ రంధ్రం అంచు తినేసి ఉంది. గోరు పెట్టి గీస్తే గుంటలో పడి ఆగుతోంది. ఒకదాని మీద ఒకటి పడ్డ రెండు దెబ్బలు, వేరువేరు వయసులవి. తుప్పు పట్టినది ముందుది, నల్లగా ఉన్నది తరవాతది.

ఆ తుప్పుకి, గారకి కారణం వెతకటానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. గరాజ్ గోడకి చుట్టిపెట్టిన పచ్చ రంగు నీళ్ళ పైపే. ఏడాదిన్నరగా ఆ కారులో కూలెంటు కొద్దికొద్దిగా తగ్గుతోంది. కింద చూస్తే తడి లేదు. కారడం లేదు గదా, ఆవిరవుతోందేమోలే అనుకున్నాను. అమ్మాయి ఇంటికొచ్చినప్పుడల్లా మూత తీసి పైపు నీళ్ళు పోశాను. కూలెంటు అంటే రంగు నీళ్ళు కాదు. అల్యూమినియాన్ని తుప్పు తినకుండా ఆపే మందులు అందులో ఉంటాయి. అవి కాలం గడిచేకొద్దీ ఖర్చయిపోతాయి, నీళ్ళు కలిపేకొద్దీ పలచనవుతాయి. పైపు నీళ్ళలోని లవణాలు గార కడతాయి. 2011లో కొన్నప్పటినుంచీ నేను కూలెంటు మార్చనే లేదు. అంచు తినేసింది, గ్యాస్కెట్‌కి అక్కడ పట్టు పోయింది, నీళ్ళు సిలిండర్లోకి దిగటం మొదలైంది. సిలిండర్లోని పేలుడు వాయువు ఎదురు తిరిగి కూలెంటులోకి వెళ్ళి దాన్ని బయటికి నెట్టింది. తగ్గినప్పుడల్లా నేను మళ్ళీ నీళ్ళు పోశాను. ఆ చక్రం సునోల్ ఎత్తు మీద ఆగింది.

మరి ముల్లు దిగటం? సెన్సరు కూలెంటులో మునిగి ఉంటేనే దాని వేడి చెబుతుంది. కూలెంటు వెళ్ళిపోయి, సెన్సరు చుట్టూ ఖాళీ మిగిలితే ముల్లు పడిపోవచ్చు. ఇంజను కాగిపోతుంటే డాష్‌బోర్డు చల్లగా ఉందంటుంది. మనకిది కొత్త కాదు. లాగులు పంపే ప్రాసెస్సే చచ్చిపోతే మానిటరింగ్ తెరంతా పచ్చగా ఉంటుంది కదా. పాతికేళ్ళు ఆ తెరలు చూస్తూ బతికినవాణ్ణి, పిల్ల చెప్పిన ఒక్క రీడింగుని అబద్ధం అన్నాను.

చూడటం అయ్యాకే కడిగాను. కడిగేటప్పుడు కూడా తొందరపడి డ్రిల్లుకి రాపిడి బిళ్ళ తగిలించి రుద్దకండి. అది మెత్తటి అల్యూమినియాన్ని గుంటలు చేస్తుంది, రాలిన పొడి నూనెలో కలిసి బేరింగుల్ని తినేస్తుంది. ఈ సంగతి మీద జనరల్ మోటార్స్ తన డీలర్లకి బులెటినే పంపింది. ప్లాస్టిక్ గీకుడు ముక్క, ద్రావకం, ఓపిక చాలు.

తరవాత కొలత. నిఖార్సైన ఉక్కు పట్టీని హెడ్డు మొహం మీద నిలబెట్టి, కింద ఫీలర్ గేజి రేకులు దూరుతాయేమో చూడాలి. పొడుగు అంచులు రెండు, అడ్డం అంచులు రెండు, మూలనుంచి మూలకి రెండు. మా ఇంజను మాన్యువల్ ప్రకారం బ్లాకు వైపు మొహానికి 0.05 మిల్లీమీటర్లు హద్దు. ఆఫీసు ప్రింటరు కాగితంలో సగం మందం. అంచుల్లో ఆ రేకు దూరలేదు. మూలల మధ్య పెడితే నడిమికి వచ్చేసరికి 0.12 రేకు దూరింది. వంపు ఉంది. ఇది ఆ రోజుదే కావచ్చు. వంపుకి తుప్పు ఉండదు కాబట్టి దాని వయసు చెప్పలేం. కాబట్టి అమ్మాయి వాటా బొత్తిగా లేదనను. ముల్లు మొదట ఎక్కినప్పుడే ఆపి ఉంటే ఈ 0.12 తప్పేదేమో. కానీ ఆ రోజు దాన్ని ఎర్రగీత దాకా తీసుకెళ్ళిన చెయ్యి నాది.

పగుళ్ళు ఇంకా మిగిలాయి. వాల్వు సీట్ల మధ్యనుండే సన్నటి చోటు, సీటుకీ స్పార్క్ ప్లగ్గు రంధ్రానికీ మధ్య, ఎక్కువగా అక్కడే పగుళ్ళొస్తాయి. ఇనుప హెడ్డయితే అయస్కాంతం, ఇనప రజను పెట్టి పట్టేస్తారు. అల్యూమినియానికి అది పనికిరాదు, అయస్కాంతం పట్టదు కాబట్టి. ఎర్ర రంగు ద్రవం పూసి, కాసేపు ఆగి, శుభ్రంగా తుడిచి, తెల్లటి డెవలపర్ చల్లితే పగుల్లో దాక్కున్న రంగు ఎర్ర గీతగా పైకొస్తుంది. ఆ డబ్బాలు కొంటూ ఉంటే నవ్వొచ్చింది. బాబాయి కిరసనాయిలు పూసి, తుడిచి, పైన సుద్దపొడి చల్లేవాడు. పగులున్న చోట సుద్ద తడిసేది. సూత్రం ఒకటే, డబ్బా ధర వేరు.

నాకు గీతలేవీ కనపడలేదు. అయినా లోపలి నీళ్ళ దారుల్లో పగులుంటే బయటనుంచి పూసిన రంగుకి దొరకదు. అందుకని హేవార్డ్‌లో ఒక మెషిన్ షాపుకి పట్టుకెళ్ళాను. పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. రంధ్రాలన్నీ రబ్బరు పలకలతో మూసి, లోపలికి గాలి ఎక్కించి, వేడినీళ్ళ తొట్లో ముంచాడు. బుడగ రాలేదు. ఇంకో పని కూడా చేశాడు, అది నాకు తట్టలేదు. క్యామ్ షాఫ్టుని దాని గాళ్ళలో పెట్టి, టోపీలు బిగించి, చేత్తో తిప్పి చూశాడు. హెడ్డు కింద మొహం లేచిందంటే పైనున్న క్యామ్ గాళ్ళూ వంగి ఉండొచ్చు. కింద మొహాన్ని చదును చేసినంత మాత్రాన పైన సరికాదు. అది చూడకుండా ఫేసింగ్ ఒక్కటే కొట్టి ఇచ్చేసిన హెడ్లు కొన్నాళ్ళకి క్యామ్ పట్టేసి తిరిగొస్తాయట. మాది నున్నగా తిరిగింది. తినేసిన అంచుని అల్యూమినియం వెల్డింగుతో నింపి, మొహం మీద 0.15 మిల్లీమీటర్లు చెక్కాడు. మొత్తం 430 డాలర్లు. గ్యాస్కెట్ సెట్టు, కొత్త బోల్టులు, కూలెంటు, టైమింగ్ బెల్టు వేరే.

నా రెండు వారాంతాలకి, తరవాత బిగించటానికి పట్టిన ఇంకో రెంటికి మన గంటల రేటు కడితే కొత్త కారే చవకని మీరనొచ్చు. అనండి. అందరూ గరాజ్‌లో హెడ్డు విప్పమని నేననటం లేదు. విప్పించమంటున్నాను. విప్పే కూలి ముందే మాట్లాడుకుని, కడగక ముందు ఫోన్ చెయ్యమని అడగండి. కాలిఫోర్నియాలో అయితే, పని ఒప్పుకునేటప్పుడే అడిగితే మార్చిన పాత భాగాలని మీకు తిరిగివ్వటం షాపు బాధ్యత. వారంటీ కింద తయారీదారుకి పంపాల్సినవీ, ఎక్స్‌చేంజి మీద వెళ్ళేవీ మినహాయింపు. వాటినీ చూపించమనొచ్చు. గ్యాస్కెట్ చేతికొచ్చాక దాన్ని చదవటం మీకు రాకపోతే, చదవటం వచ్చినవాడికి చూపించండి. విద్యుత్ కారున్నవాళ్ళు ఈ గొడవంతా మనది కాదని నవ్వుకోవచ్చు. వాటికీ కూలెంటు ఉంటుంది.

ఇక మన వృత్తి మాట. సర్వరు పడిపోగానే మనం చేసే మొదటి పని రీస్టార్ట్. మెమరీలో ఉన్నది పోతుంది, సగం లాగులు పోతాయి. సర్వీసు లేచిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మర్నాడు పోస్టుమార్టం అని మీటింగు పెడతాం. శవాన్ని అప్పటికే కడిగేశాం. ఇంక పంచనామాకి మిగిలేది చివరి కమిట్ ఎవరిదా అన్న ప్రశ్నే. ఎవరో ఒక కుర్రాడు దొరుకుతాడు. ఏడాదిన్నర నుంచి పైపు నీళ్ళు పోస్తూ వచ్చిన సీనియర్ ఆ గదిలోనే కూర్చుని తల పంకిస్తుంటాడు. నేనూ అలా తల పంకించిన మీటింగులున్నాయి. కస్టమర్లు ఎదురుచూస్తుంటే మసి చూస్తూ కూర్చోలేం, నిజమే. కానీ రీస్టార్ట్ కొట్టేముందు డంప్ ఒకటి తీసుకోవటానికి పట్టేది నిమిషాలే. ఇప్పుడు మా టీములో అది తియ్యకుండా రీస్టార్ట్ చేస్తే నేను ఒప్పుకోను. కొందరికి చాదస్తంగా ఉంటుంది.

హెడ్డు విప్పిన ఆ ఆదివారమే అమ్మాయిని కిందికి పిలిచాను. రెండో గది చూపించాను. గ్యాస్కెట్ మీద రెండు మరకలూ చూపించి, ఏది ముందుదో చెప్పమన్నాను. కాసేపు చూసి తుప్పుదే అంది. నీళ్ళ పైపు సంగతి చెప్పాను. "మరి ముల్లు?" అంది. చెప్పాను. "చూశావా, నేను చెప్పానుగా" అని మాత్రం అంది, అంతకు మించి ఏమీ అనలేదు. మధ్యాన్నం భోజనానికి ముందు పైపు తీసి చుట్టి, దాని మీద కాగితం ఒకటి అంటించింది. "మొక్కలకి మాత్రమే."

కారు 2022 దాకా నడిచింది, తరవాత అమ్మేశాం. పాత గ్యాస్కెట్ ఇప్పటికీ గరాజ్‌లో మేకుకి వేలాడుతోంది. మా ఆవిడ సామాన్లు సర్దినప్పుడల్లా పారేస్తానంటుంది. అమ్మాయి ఒప్పుకోదు.